బొటనవేలు ఎప్పటికి మానుతుంది?

2023 జూన్ 3న, అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో, లాస్ ఏంజెల్స్ డాడ్జర్ స్టేడియంలో డాడ్జర్స్ హిట్టర్ జె.డి. మార్టినెజ్ లేపిన బంతి మైదానం కుడి అంచుకు, అంటే రైట్ ఫీల్డ్ వైపు వెళ్ళింది. న్యూయార్క్ యాంకీస్ రైట్ ఫీల్డర్ ఆరన్ జడ్జ్ పరుగెత్తి అందుకున్నాడు. ఆ ఊపు ఆపుకోలేక బుల్‌పెన్ (పిచర్లు, అంటే బౌలర్లు, వార్మప్ చేసే చోటు) తలుపును గుద్దాడు, తలుపు తెరుచుకుంది, మనిషి లోపలికి దూసుకుపోయాడు. బంతి మాత్రం గ్లవ్‌లోనే ఉంది. క్యాచ్ గొప్పదే. కానీ ఆ తలుపు కింద కాంక్రీటు గట్టు ఒకటుంది. కుడికాలి బొటనవేలు దానికి కొట్టుకుంది. ఆరడుగుల ఏడంగుళాల మనిషి, అంతకుముందు ఏడాదే 62 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్‌లా బంతి కంచె దాటే దెబ్బలు) కొట్టి, మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ రికార్డు తిరగరాసినవాడు, ఆ ఒక్క వేలి వల్ల 42 మ్యాచులు కూర్చోవాల్సి వచ్చింది. వాటిలో యాంకీస్ గెలిచినవి 19, ఓడినవి 23. సీజన్ చివరికి 82 గెలుపులు, 80 ఓటములతో తమ డివిజన్‌లో నాలుగో స్థానం. 2016 తర్వాత మొదటిసారి టైటిల్ తేల్చే దశకి, అంటే ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు.

ఇక్కడితో కథ ఆపేస్తే నీతి సులువుగా వచ్చేస్తుంది: స్టార్ పడిపోయాడు, టీము పడిపోయింది. న్యూయార్క్‌లో చాలామంది అలాగే ఆపేశారు. మిగతా సగం లెక్క కూడా తీస్తే ఆ నీతి నిలబడదు. జడ్జ్ దెబ్బ తిన్న రోజుకి యాంకీస్ గెలుపు ఓటములు 35-25. అతను తిరిగొచ్చిన జూలై 28 ఉదయానికి 54-48. అక్కణ్ణుంచి, అతను జట్టులో ఉండగానే, 28-32. అంటే అతను లేని రోజుల్లో ఎంత నాసిగా ఆడారో, వచ్చాక దాదాపు అంత నాసిగానే ఆడారు. వేలు మానింది, టీము మానలేదు.

నా వాదన ఇది. స్టార్ హిట్టర్ లేకపోవడం టైటిల్ ఆశల్ని మనం అనుకున్నంతగా దెబ్బతీయదు. ఎప్పుడొస్తాడో తెలియకపోవడం, వచ్చినవాడు సగం మనిషిగా రావడం, ఈ రెండే అసలు ముంచేవి. తేదీ ఖాయంగా తెలిసిన గాయం చుట్టూ టీమును కట్టుకోవచ్చు, అది ఎంత పెద్దదైనా సరే. "ఇవాళో రేపో" అనే గాయం చుట్టూ ఏమీ కట్టలేం.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే క్రికెట్ చూసి పెరిగిన కళ్ళకు ఇక్కడ ఒక పొరపాటు సహజం. క్రికెట్‌లో కుదురుకున్న బ్యాటర్ ఇన్నింగ్స్ అంతా తనే లాగగలడు, సగం పరుగులు ఒక్కడే చేయగలడు. బేస్‌బాల్‌లో ఆ వీల్లేదు. తొమ్మిది మంది వరస ప్రకారమే వస్తారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి, ఒక్క హిట్ కొడితే గెలిచే పరిస్థితి వచ్చినా, వంతు ఎవరిదైతే వాడే కొట్టాలి, జడ్జ్‌ని పిలిచి నిలబెట్టలేరు. పూర్తి మ్యాచ్‌లో ఒక హిట్టర్‌కి నాలుగు వంతులు, మహా అయితే ఐదు. ఎంత మొనగాడైనా టీము బ్యాటింగ్‌లో అతని వాటా దాదాపు తొమ్మిదింట ఒకటి.

ఈ వాటా విలువ కొలవడానికి ఇక్కడ వాడే కొలత పేరు వార్. ఈ ఆటగాడి బదులు ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింది లీగ్) నుంచి రేపు పొద్దున ఫోన్ చేస్తే బ్యాగు సర్దుకుని వచ్చే మనిషిని పెడితే సీజన్ మొత్తమ్మీద ఎన్ని గెలుపులు తగ్గుతాయన్నదే అది చెప్పేది. సుమారు పది పరుగులు ఒక గెలుపు కింద లెక్క. ఎనిమిది వార్ అంటే అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ) స్థాయి. జడ్జ్ 2022లో ఆడినట్టు పది దాటడం చాలా అరుదు. సరే, పది అనే వేసుకుందాం. 162 మ్యాచులకి పది గెలుపులైతే 42 మ్యాచులకి రెండున్నర. అంటే జడ్జ్ వేలు ఆ కాంక్రీటుకి తగలకపోయి ఉంటే యాంకీస్ 84 గెలుస్తారు, ఉదారంగా లెక్కేస్తే 85. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో చివరి వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవనివాళ్ళకి ప్లేఆఫ్స్‌లో ఇచ్చే చోటు) దక్కించుకున్న టొరంటో గెలిచినవి 89. లెక్క అక్కడే తేలిపోయింది.

మరి ఆ మిగతా నాలుగైదు గెలుపులు ఎటు పోయాయి? అక్కడే అసలు విషయం ఉంది.

ఆ జూన్ మొదటి వారంలో ఆఫీసులో కూర్చున్నవాడి కళ్ళతో చూడండి. మొదట వచ్చిన మాట దెబ్బ, బెణుకు. గాయపడ్డవాళ్ళ పదిరోజుల జాబితాలో, అంటే ఇంజర్డ్ లిస్ట్‌లో వేశారు. వేలిలో లిగమెంట్ చిరిగిందన్న మాట జడ్జ్ నోటి నుంచే బయటికి వచ్చేసరికి జూన్ నెలాఖరు. తిరిగొచ్చే తేదీ ఎవరూ చెప్పలేదు, చెప్పగలిగే గాయం కూడా కాదది. ఎముక విరిగితే ఎక్స్-రేలో అతుకు కనిపిస్తుంది, వారాలు లెక్కపెట్టొచ్చు. బొటనవేలి లిగమెంట్ విషయంలో నొప్పి తగ్గిందా లేదా అన్నదొక్కటే కొలబద్ద. కుడిచేతి వాటం హిట్టర్‌కి కుడికాలు వెనక కాలు. స్వింగ్ మొదలయ్యేది అక్కణ్ణుంచే. బరువంతా వెనక కాలి లోపలి అంచు మీదకి చేరుతుంది, బొటనవేలి మొదలు నేలను తోస్తుంది, మడమ లేస్తుంది, తుంటి తిరుగుతుంది, ఆ తిరుగుడు నడుమునీ భుజాలనీ లాక్కుని చివరికి బ్యాట్ దగ్గరికి చేరుతుంది. ఆ మొదటి తోపులో నొప్పి భయం ఉంటే మనిషి తెలియకుండానే చేతులతో కొట్టడం మొదలుపెడతాడు. బంతి కంచె దాటాల్సిన చోట కంచెకి ముందుండే వార్నింగ్ ట్రాక్ మీద పడుతుంది.

ఇలాంటి గాయం రోస్టర్‌ని ఎలా పిండుతుందో చూడండి. రోస్టర్, అంటే టీము జాబితా, 26 మంది. పిచర్లు 13కి మించకూడదు, ఏ టీమైనా ఆ 13 వాడుకోకుండా ఉండదు. మిగిలేది 13 మంది హిట్టర్లు. డిజిగ్నేటెడ్ హిట్టర్‌తో (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడితో) కలిపి తొమ్మిది మంది ఆడతారు, నలుగురు బెంచ్ మీద. ఆ నలుగురిలో ఒకడు రెండో క్యాచర్ (వికెట్‌కీపర్ లాంటివాడు), అతన్ని ముట్టుకోవడానికి ఏ మేనేజరూ ఇష్టపడడు. అంటే నిజంగా వాడుకోదగ్గవాళ్ళు ముగ్గురు. స్టార్‌ని "ఇవాళో రేపో" అని లిస్ట్‌లో వేయకుండా ఐదు రోజులు అట్టే పెట్టుకుంటే ఆ ముగ్గురు ఇద్దరవుతారు. లిస్ట్‌లో వేస్తే కనీసం పది రోజులు పోతాయి, వెనక్కి తేదీ వేసుకునే సౌకర్యం మూడు రోజులకే. అందుకే జనరల్ మేనేజర్లు ఆ మూడు రోజులు గోళ్ళు కొరుక్కుంటారు. ఆ తర్వాత మైనర్ లీగ్‌లో రిహాబ్ మ్యాచులు. హిట్టర్‌కి గరిష్ఠంగా 20 రోజులు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది ఈ దశ. గంటకి తొంభై అయిదు మైళ్ళ బంతులు ఆడితే గానీ టైమింగ్ రాదు, టైమింగ్ వస్తే గానీ ఆ బంతులు వేసే చోటికి పంపరు.

ఇంకో విషయం కూడా ఉంది. ఖాళీ అయ్యేది ఒక చోటే అయినా కదిలేది నలుగురు. రైట్ ఫీల్డర్ పోతే లెఫ్ట్ ఫీల్డర్ అటు జరుగుతాడు, అతని చోటికి ఇన్‌ఫీల్డ్ నుంచి అలవాటు లేనివాడొకడు, ఆ ఇన్‌ఫీల్డ్ చోటికి బెంచ్ మీదివాడు, బెంచ్‌కి ట్రిపుల్-ఏ నుంచి ఇంకొకడు. ఆ వేసవిలో యాంకీస్ ఔట్‌ఫీల్డ్‌లో బిల్లీ మెకిన్నీ, జేక్ బావర్స్, విల్లీ కాల్హూన్ తిరుగుతూ కనిపించారు. వాళ్ళ తప్పేమీ లేదు, చేతనైనంత ఆడారు. వాళ్ళని నెలా రెండు నెలలు ఆడించాల్సి రావడం ప్రణాళికలో లేదు, అంతే.

ఆగస్టు 1, ట్రేడ్ గడువు (టీములు ఆటగాళ్ళని మార్చుకోవడానికి ఆఖరి రోజు) వచ్చింది. జడ్జ్ నాలుగు రోజుల ముందే తిరిగొచ్చాడు. కాబట్టి ఇక కొత్త హిట్టర్ ఎందుకన్న ఆశ. యాంకీస్ తెచ్చుకున్నది కీనన్ మిడిల్టన్, స్పెన్సర్ హోవర్డ్ అనే ఇద్దరు పిచర్లని. హిట్టర్ ఒక్కడూ లేడు. టీము మొత్తం బ్యాటింగ్ సగటు ఆ ఏడాది .227. మేజర్ లీగ్‌లో ఓక్లాండ్ ఒక్కటే అంతకన్నా కింద ఉంది.

నా ఉద్దేశంలో ఆ సీజన్‌ని ముంచిన గాయం జడ్జ్‌ది కూడా కాదు. మే 28న ఫస్ట్ బేస్ దగ్గర పికాఫ్ (బేస్ వదిలి జరిగినవాణ్ణి ఔట్ చేసే) ప్రయత్నంలో శాన్ డియేగో ఆటగాడు ఫెర్నాండో టాటిస్ జూనియర్ తుంటి యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ ఆంథొనీ రిజో తలకు బలంగా తగిలింది. ఆ రోజు వరకు రిజో సగటు .304, హోమ్ రన్లు 11. ఆ తర్వాత 46 మ్యాచుల్లో .172, హోమ్ రన్ ఒక్కటి. రోజూ లైనప్‌లో ఉన్నాడు, రోజూ ఫస్ట్ బేస్ కాపలా కాశాడు, బంతి మాత్రం బ్యాట్‌కి దొరకలేదు. తల అదిరిన ప్రభావం ఇంకా పోలేదని ఆగస్టు మొదట్లో గానీ తేలలేదు, అప్పుడు లిస్ట్‌లో వేశారు. అంటే గాయమైన మనిషికి రెండు నెలల పాటు రోజూ నాలుగేసి వంతులు ఇచ్చారు. జడ్జ్ చోట ఆడినవాళ్ళు రిప్లేస్‌మెంట్ స్థాయి అనుకుంటే, ఆ రిజో అంతకన్నా కింద. సీటు ఖాళీగా ఉంటే ఎవరినో ఒకరిని కూర్చోబెడతారు. పేరున్న మనిషి కూర్చునే ఉంటే లేపే ధైర్యం ఎవరికుంటుంది?

ఇప్పుడు 2021 అట్లాంటా బ్రేవ్స్‌ని పక్కన పెట్టి చూడండి. జూలై 10న మయామీలో రొనాల్డ్ అకూన్యా జూనియర్ ఒక బంతి కోసం రైట్ ఫీల్డ్ గోడ దగ్గర ఎగిరి దిగాడు, కుడి మోకాలి ముఖ్య లిగమెంట్, ఏసీఎల్, తెగింది. అప్పటికి 82 మ్యాచుల్లో 24 హోమ్ రన్లు. ఇంకో ఔట్‌ఫీల్డర్ మార్సెల్ ఒజూనా మే నుంచే లేడు. జూలై నడుమ వచ్చే ఆల్-స్టార్ విరామానికి టీము 44 గెలిచి 45 ఓడింది. ఎవరైనా సీజన్ వదిలేసుకునే పరిస్థితి. కానీ ఏసీఎల్ తెగడంలో అనుమానానికి తావే లేదు. ఈ ఏడాదికి రాడు, అంతే. మర్నాటి నుంచే జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథొపోలస్‌కి ఏం చేయాలో తెలుసు, చేతిలో మూడు వారాలున్నాయి. అయిదు రోజుల్లో జాక్ పీడర్సన్‌ని తెచ్చాడు. గడువు రోజు, జూలై 30న, ఆడమ్ డువాల్, హోర్హే సొలేర్, ఎడ్డీ రొసారియో. ఔట్‌ఫీల్డ్ మొత్తం కొత్తగా అల్లేశాడు.

ఈ నలుగురిలో ఒక్కడూ అకూన్యా కాదు. నలుగురి కోసం ఇచ్చుకున్నదీ పెద్దగా లేదు. రొసారియో కోసం క్లీవ్‌లాండ్‌కి పంపిన పాబ్లో సాండోవాల్‌ని వాళ్ళు వెంటనే వదిలేశారు. నాకు ముచ్చటేసే విషయం ఏమిటంటే, ఆ రొసారియో కొనేనాటికి తనే పొట్ట కండరం పట్టేసి ఇంజర్డ్ లిస్ట్‌లో ఉన్నాడు. ఆగస్టు చివరికి గానీ బ్రేవ్స్ తరఫున దిగలేదు. గాయపడ్డవాడి చోట గాయపడ్డవాణ్ణే కొన్నారన్నమాట! తేడా తేదీలోనే ఉంది. కండరం ఎప్పటికి నయమవుతుందో వాళ్ళకి ఒక అంచనా ఉంది, ఆ అంచనా అక్టోబరుకి చాలా ముందే పడుతుంది, గాయం వల్ల ధర తగ్గింది. విరామం తర్వాత బ్రేవ్స్ 44-28. మొత్తం 88 గెలుపులతో, ప్లేఆఫ్స్‌కి వచ్చిన పది టీముల్లో అందరికన్నా తక్కువ గెలుపులతో వచ్చి, టైటిల్ తేల్చే ఫైనల్, వరల్డ్ సిరీస్, గెలిచింది. నేషనల్ లీగ్ ఫైనల్‌లో ఎంవీపీ రొసారియో, వరల్డ్ సిరీస్ ఎంవీపీ సొలేర్.

అదృష్టం లేదా అంటే ఉంది. నలుగురిలో ఇద్దరు అక్టోబరులోనే వేడెక్కుతారని ఆంథొపోలస్‌కి కల రాలేదు. కానీ నాలుగు టికెట్లు కొన్నవాడికే లాటరీ తగిలే అవకాశం ఉంటుంది. ఇదే బ్రేవ్స్‌కి 2024లో రెండో పాఠం కూడా దొరికింది. మే 26న అకూన్యా ఈసారి ఎడమ మోకాలి ఏసీఎల్ తెంచుకున్నాడు, జూలైలో ఆజీ ఆల్బీస్ మణికట్టు, ఆగస్టులో ఆస్టిన్ రైలీ చెయ్యి విరిగాయి. రైలీకి తగిలేనాటికి ట్రేడ్ గడువు దాటిపోయింది. 89 గెలిచి లోపలికి వచ్చారు గానీ వైల్డ్ కార్డ్ దశలోనే శాన్ డియేగో చేతిలో వరసగా రెండు ఓడి ఇంటికి పోయారు. మూడు గాయాల చోట్లు పూడ్చుకోవడం ఎవరి వల్లా కాదనుకోండి. అయినా క్యాలెండర్ ఎలా పనిచేస్తుందో చూడండి: మే గాయానికి మందు ఉంది, ఆగస్టు గాయానికి లేదు. 2019 నుంచి గడువు దాటాక ఆగస్టులో చేసే ట్రేడ్‌లు ఎత్తేశారు. ఆగస్టు 31 అర్ధరాత్రికి సంస్థలో లేనివాడు ప్లేఆఫ్స్ ఆడటానికి పనికిరాడు.

తప్పుడు తేదీని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి 2023 ఏంజెల్స్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. జూలై 3న మైక్ ట్రౌట్ ఒక బంతిని ఫౌల్ కొడుతూ ఎడమచేతి హామేట్ విరగ్గొట్టుకున్నాడు. చిటికెన వేలి వైపు అరచేతి అడుగున కొక్కెంలా ఉండే చిన్న ఎముక ఇది. బ్యాట్ పిడి చివరి బుడిపె సరిగ్గా అక్కడే ఆనుతుంది, ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ ఒకరోజు పుటుక్కుమంటుంది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు. ఆ లెక్కన ఆగస్టుకి ట్రౌట్ వచ్చేస్తాడు, పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే షోహే ఒహ్తానీ ఎలాగూ ఉన్నాడు, ఇదే అదను అనుకుని ఏంజెల్స్ లూకస్ జియోలిటో, రేనాల్డో లోపెజ్, సి.జె. క్రాన్, రాండల్ గ్రిచుక్‌లను తెచ్చుకుంది. ట్రౌట్ ఆగస్టు 22న వచ్చాడు. ఒక్క మ్యాచ్ ఆడాడు. నొప్పి తగ్గలేదు, మళ్ళీ లిస్ట్‌లోకి వెళ్ళాడు, ఆ సీజన్‌లో ఇక కనిపించలేదు. ఆ నెలాఖరుకే జియోలిటో, లోపెజ్, గ్రిచుక్‌లను ఎవరైనా తీసుకోండని వెయివర్స్‌లో పెట్టేసింది. 73 గెలుపులు, 89 ఓటములు.

మరి గాయమైనా పట్టించుకోకుండా ఆడి గెలిపించినవాళ్ళ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2024లో డాడ్జర్స్ హిట్టర్ ఫ్రెడీ ఫ్రీమన్. సెప్టెంబరు 26న ఫస్ట్ బేస్ దగ్గర కుడి చీలమండ మెలిపడింది. ఎడమచేతి వాటం కాబట్టి అతనికి కుడికాలు ముందు కాలు. జడ్జ్‌ది తోసే కాలైతే ఇది ఆపే కాలు. ముందు కాలు గట్టిగా దిగి మోకాలు నిలబడితేనే వెనక నుంచి వచ్చిన బలమంతా బ్యాట్‌లోకి మళ్ళుతుంది. అది మెత్తగా దిగితే తలుపు బందు ఊడినట్టే. మొదటి రెండు సిరీస్‌ల్లో ఫ్రీమన్ 32 వంతుల్లో 7 సింగిల్స్ (ఒక బేస్ చేర్చే హిట్లు), ఒక్క డబుల్ (రెండు బేస్‌ల హిట్) కూడా లేదు. నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం వద్దు. కానీ డాడ్జర్స్ అప్పుడొక పని చేసింది. రెండో సిరీస్‌లో న్యూయార్క్ మెట్స్‌తో ఆరో మ్యాచ్‌కి అతన్ని కూర్చోబెట్టింది, అది గెలిచింది, వరల్డ్ సిరీస్‌కి మధ్యలో నాలుగు రోజులు దొరికాయి. అక్టోబరు 25న పదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ పిచర్ నెస్టర్ కోర్టెజ్ మొదటి బంతికే గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండినప్పటి హోమ్ రన్). వరసగా నాలుగు మ్యాచుల్లో నాలుగు హోమ్ రన్లు, మొత్తం 12 పరుగులు చేయించాడు, ఎంవీపీ. వీరత్వం అనండి, కాదనను. నాకు మాత్రం అక్కడ కనిపించేది ఆ అయిదు రోజుల విశ్రాంతి. ఆ విశ్రాంతి ఇవ్వగలిగింది బెంచ్ లోతు ఉండబట్టి. మూకీ బెట్స్ చెయ్యి జూన్ 16న విరిగినప్పుడే మర్నాటి నుంచి, అప్పటికి డాడ్జర్స్‌కి మారిన ఒహ్తానీని మొదటి వంతుకి జరిపి వరస అల్లుకున్నారు, జూలైలో టామీ ఎడ్మన్‌ని తెచ్చుకున్నారు. ఆ ఎడ్మనే మెట్స్‌తో సిరీస్ ఎంవీపీ.

2023లో టెక్సాస్ రేంజర్స్ ఇంకా కఠినంగా వ్యవహరించింది. (డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకి ఈ కథ నేను చెప్పనక్కర్లేదు.) ఆ అక్టోబరులో అడోలిస్ గార్సియా 8 హోమ్ రన్లు కొట్టి 22 పరుగులు చేయించాడు. ఒక్క ఏడాది ప్లేఆఫ్స్‌లో అన్ని పరుగులు ఎవరూ చేయించలేదు. వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో ఒక స్వింగ్ తర్వాత ఎడమ డొక్క పట్టుకున్నాడు. ఆబ్లిక్ కండరం. తుంటి ముందు తిరిగి భుజాలు వెనకుండిపోయే ఆ క్షణంలో సాగేది ఇదే, కొట్టే దిశ వైపు పక్కే ఎక్కువగా పట్టేస్తుంది. తుమ్మినా ప్రాణం పోతుంది. మామూలుగా నెలా నెలన్నర. నాలుగో మ్యాచ్‌కి ముందే అతన్ని రోస్టర్ నుంచి తీసేశారు. తీసేస్తే ఇక ఆ సిరీస్‌లో రాకూడదని రూలు. బెంచ్ మీద కూర్చోబెట్టి భయపెట్టొచ్చుగా అన్న ఆశ పెట్టుకోలేదు. ఆ రోజు రైట్ ఫీల్డ్‌లో దిగిన ట్రావిస్ జాన్‌కౌస్కీ రెండు హిట్లు కొట్టాడు, అందులో రెండు పరుగుల డబుల్ ఒకటి. 11-7తో గెలిచారు, మర్నాడు టైటిల్.

ఇంత చెప్పాక నా వాదనకే అడ్డొచ్చే రెండు కేసులు కూడా చెప్పాలి. 1987 సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీము మొత్తం కొట్టిన హోమ్ రన్లు 94. వాటిలో 35 జాక్ క్లార్క్‌వి, రెండో స్థానంలో ఉన్న టెర్రీ పెండిల్టన్‌వి 12. సెప్టెంబరు 9న క్లార్క్ చీలమండ దెబ్బతింది. ఒకే మనిషి మీద అంత బరువు వేలాడదీస్తే తేదీ తెలిసినా ఒరిగేదేమీ లేదు. వరల్డ్ సిరీస్‌లో అతను ఆడలేదు, మిన్నెసోటాతో ఏడో మ్యాచ్ దాకా లాగి ఓడిపోయారు.

రెండోది 2019 మిల్వాకీ బ్రూవర్స్. సెప్టెంబరు 10న క్రిస్టియన్ యెలిచ్ కొట్టిన ఫౌల్ బంతి తన మోకాలి చిప్పకే తగిలి అది పగిలింది. అప్పటికి 44 హోమ్ రన్లు. తర్వాతి 18 మ్యాచుల్లో బ్రూవర్స్ 13 గెలిచింది. చూశారా అని అందామనుకుంటే, వైల్డ్ కార్డ్ మ్యాచ్. వాషింగ్టన్ మీద 3-1 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్, రెండు ఔట్లు, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, పిచర్ జాష్ హేడర్. హువాన్ సోటో రైట్ ఫీల్డ్‌లోకి సింగిల్ కొట్టాడు. యెలిచ్ నిలబడే చోట ఆ రోజు కుర్రాడు ట్రెంట్ గ్రిషమ్ ఉన్నాడు. బంతి అతని గ్లవ్ పక్కనుంచి జారిపోయింది, ముగ్గురూ పరుగులు తీసేశారు. 4-3. హిట్టర్ లేని లోటు ఫీల్డింగ్‌లో తేలింది. వార్ పట్టికలో ఇది రెండు మూడు దశాంశాల విషయం. అక్టోబరులో దశాంశాలు ఉండవు.

అందుకే మీ టీము స్టార్ లిస్ట్‌లోకి వెళ్ళాడన్న వార్త వచ్చినప్పుడు హోమ్ రన్ల పట్టిక తెరవకండి. ముందు గాయం ముందు కాలికా వెనక కాలికా, పిడి కింద ఉండే చేతికా పైన ఉండే చేతికా చూడండి. ట్రేడ్ గడువుకి ఎన్ని రోజులుందో చూడండి. అతని చోటికి ఎవడొస్తాడని కాదు, అలా జరగ్గా జరగ్గా చివర్న ఖాళీ అయ్యే చోటికి ఎవడొస్తాడో చూడండి. ఇక తిరిగొచ్చాక సగటు చూసి మోసపోకండి, 2024 నుంచి బ్యాట్ వేగం బయటే పెడుతున్నారు. మేజర్ లీగ్ సగటు గంటకి 72 మైళ్ళ దగ్గర ఉంటుంది. గాయానికి ముందు 76తో తిప్పినవాడు వచ్చాక 73తో తిప్పుతుంటే ఆ మనిషి ఇంకా రాలేదన్నమాటే, చొక్కా మీద పేరు ఏదైనా సరే.

2016లో చికాగో కబ్స్‌కి ఈ లెక్క ఎదురు తిరిగి లాభించింది. కైల్ ష్వార్బర్ ఏప్రిల్ 7న మోకాలి లిగమెంట్లు రెండు తెంచుకున్నాడు, సీజన్ అయిపోయిందన్నారు, కబ్స్ అతన్ని మర్చిపోయి 103 గెలిచింది. అరిజోనాలో రెండు ప్రాక్టీసు మ్యాచులు ఆడి సరాసరి వరల్డ్ సిరీస్‌కి వచ్చి 17కి 7 కొట్టాడు. ఫీల్డింగ్‌కి డాక్టర్లు ఒప్పుకోలేదు, బ్యాటింగ్ ఒక్కటే. ఏడో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో సింగిల్ కొట్టి బేస్ మీదికి వెళ్ళగానే అతని బదులు పరుగెత్తడానికి ఆల్బర్ట్ అల్మోరాను పంపారు. గెలుపు వైపు తిప్పిన పరుగు ఆ అల్మోరాదే.

2025లో టొరంటో అచ్చంగా అదే ఎత్తు వేసింది. సెప్టెంబరు 6న హోమ్ ప్లేట్ దగ్గర ఢీకొని బో బిషెట్ ఎడమ మోకాలు బెణికింది. మొదటి రెండు సిరీస్‌లకి రోస్టర్‌లోనే పెట్టలేదు, డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్‌కి తెచ్చారు. షార్ట్‌స్టాప్‌గా పరుగెత్తలేడు కాబట్టి సెకండ్ బేస్‌లో నిలబెట్టారు. బ్యాట్ వచ్చింది, మోకాలు పూర్తిగా రాలేదు. ఏడో మ్యాచ్ మూడో ఇన్నింగ్స్‌లో ఒహ్తానీ మీద మూడు పరుగుల హోమ్ రన్. స్కోరు 4-4 అయ్యాక తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ సింగిల్. అతని బదులు పరుగెత్తడానికి ఐజయా కైనర్-ఫలేఫాను పంపారు. మూడు బేస్‌లూ నిండాయి, వార్షో కొట్టిన బంతిని మిగెల్ రోహాస్ అందుకుని హోమ్‌కి విసిరాడు, కైనర్-ఫలేఫా అంగుళాల తేడాతో ఔట్.

పదకొండో ఇన్నింగ్స్. డాడ్జర్స్ 5-4. వ్లాదిమిర్ గెరేరో డబుల్ కొట్టి సెకండ్ బేస్ మీద ఉన్నాడు, ఒక్క హిట్ వస్తే సమం. తర్వాతి వంతు బిషెట్‌ది, కానీ అతను రెండు ఇన్నింగ్స్‌ల కిందటే మ్యాచ్ నుంచి బయటికి వెళ్ళిపోయాడు. అతని చోట కైనర్-ఫలేఫా బ్యాట్ అడ్డంగా పెట్టి బంట్ ఆడి, తను ఔటై, గెరేరోని థర్డ్ బేస్‌కి చేర్చాడు. బార్జర్‌కి వాక్, అంటే తప్పు బంతులకి ఉచితంగా ఫస్ట్ బేస్. కర్క్ బ్యాట్ విరిగి బంతి షార్ట్‌స్టాప్ వైపు దొర్లింది. బెట్స్ అందుకుని సెకండ్ బేస్ తొక్కి, ఫస్ట్ బేస్‌లో ఉన్న ఫ్రీమన్‌కి విసిరాడు: ఇద్దరూ ఔట్, ఆట అయిపోయింది.